రెప్ప వేయడం మరిచిన కళ్లు

కంప్యూటర్ గేమ్ ఆడుతున్న పిల్లవాడి ముఖం ఎప్పుడైనా గమనించారా? కళ్లార్పడం బాగా తగ్గిపోతుంది. రెప్ప పడితేనే కంటికి తడి. పడకపోతే మంట, ఎరుపు, తలనొప్పి. మెడ, మణికట్టు నొప్పులు సరేసరి.

అలాగని ఆటంతా చెడ్డదని నేననను. వేగంగా సాగే కొన్ని ఆటలు చూపులో చురుకుదనం పెంచుతాయని పరిశోధనల్లో తేలింది. నన్ను కలవరపెట్టేది నిద్ర. అర్ధరాత్రి ఆట ఆపినా ఆ ఉద్వేగం వెంటనే చల్లారదు. మర్నాడు చదువు తలకెక్కదు.

ఆట అదుపు తప్పి, చదువూ తిండీ స్నేహాలూ వెనకబడి, నెలల తరబడి అలాగే సాగితే? ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుగానే గుర్తించింది. కాబట్టి తిట్టకండి, వైద్యుణ్ణి కలవండి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇందుకోసమే ప్రత్యేక క్లినిక్ ఉంది.

ఇవాళ్టికి రెండే పనులు. ప్రతి 20 నిమిషాలకూ కిటికీలోంచి దూరంగా చూడమనండి. మళ్లీ చెబుతున్నాను, 20 నిమిషాలకోసారి దూరపు చూపు. పడుకోవడానికి గంట ముందే ఆట కట్టేయించండి.