ఫ్రీజర్‌లో ఫ్యాన్ ఆగినప్పుడు

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో, అంటే లోపల పేరుకునే మంచును తనంతట తానే కరిగించుకునే ఫ్రిజ్‌లో, ఫ్రీజర్ వెనుక పలక చాటున చల్లబడే గొట్టాల చుట్ట, దాని దగ్గరే ఒక చిన్న ఫ్యాన్ ఉంటాయి. అక్కడ చల్లబడిన గాలిని ఫ్రీజర్‌లోకీ, కింది అరల్లోకీ పంపేది ఆ ఫ్యానే కనుక, అది ఆగితే కింది అరల్లోని పాలు, కూరలు ముందుగా పాడవుతాయి.

తలుపు తెరిస్తే ఫ్యాన్ ఆగడం చాలా ఫ్రిజ్‌లలో సహజమే. అందువల్ల కంప్రెసర్ నడుస్తున్నప్పుడు తలుపు అంచున ఉండే మీటను వేలితో నొక్కిపట్టి వినాలి. గరగరమని శబ్దం వస్తే రెక్కలు మంచుకు రాసుకుంటూ ఉండవచ్చు. చప్పుడే లేకపోతే రెక్కలు మంచులో బిగుసుకుపోయి గానీ, మోటారు చెడి గానీ ఉండవచ్చు.

ఏది కారణమో తేల్చడానికి ప్లగ్గు తీసి, ఆహారాన్ని వేరేచోటికి మార్చి, తలుపులు తెరిచి ఒక పగలూ రాత్రీ ఉంచాలి. కత్తితో మంచును పొడవరాదు. గొట్టానికి చిల్లు పడితే చల్లదనాన్నిచ్చే వాయువు బయటికి పోతుంది, పైగా నేటి అనేక ఫ్రిజ్‌లలో అది మండే గుణం గల ఐసోబ్యూటేన్.

కరిగాక ఫ్యాన్ తిరిగి, కొన్నాళ్లకు మళ్లీ మంచు పేరుకుంటే, లోపం సాధారణంగా తలుపు రబ్బరు పట్టీలోనో, మంచు కరిగించే హీటరులోనో, సెన్సరులోనో ఉంటుంది. కరిగాక కూడా తిరగకపోతే మోటారును, తీగలను మెకానిక్ చేత పరీక్షింపజేయాలి.

గుర్తుంచుకోవలసింది ఇదే: ముందు వినాలి, తరువాత ప్లగ్గు తీసి మంచు కరిగించాలి, ఆపైనే ఫ్యాన్ మార్చే ఆలోచన చేయాలి.