రెండు విమానాశ్రయాలు



స్నాతకోత్సవాల్లో పెద్దలు కలలు కనమంటారు. అది మీకు నేర్పేంతవాణ్ని కాదు. ఉద్యోగజీవితమంతా విదేశీ ప్రాజెక్టుల లెక్కలు తనిఖీ చేసినవాణ్ని. కాబట్టి ఒప్పందాలు, బిల్లులు, లంచాల గురించే మాట్లాడతాను. మీలో ఎంబీఏలున్నారు, ఇంజనీర్లున్నారు, లా చదివినవాళ్లున్నారు. ఎవరు ఏ దేశం వెళ్లినా ఈ మూడూ ఎదురవుతాయి.

రెండు విమానాశ్రయాల సంగతి చెబుతాను. మొదటిది మాల్దీవుల రాజధాని మాలేది. 2010లో అక్కడి ప్రభుత్వం దాన్ని విస్తరించి 25 ఏళ్లు నడిపే హక్కును జీఎంఆర్, మలేషియా ఎయిర్‌పోర్ట్స్ సంస్థల జట్టుకు ఇచ్చింది. జీఎంఆర్ మనకు కొత్త పేరేం కాదు. రాజాం నుంచి వచ్చిన మనిషి స్థాపించిన సంస్థ, శంషాబాద్ విమానాశ్రయం కట్టిన సంస్థ. మాలేలో బిడ్డింగుకు ప్రపంచబ్యాంకు కుటుంబానికి చెందిన ఐఎఫ్‌సీయే సలహాదారు. ఒప్పందం గట్టిది, పైన ఉన్న ప్రభుత్వం అనుకూలమైనది.

చిక్కు 25 డాలర్ల దగ్గర వచ్చింది. దేశం విడిచి వెళ్లే ప్రతి ప్రయాణికుడి దగ్గరా అభివృద్ధి రుసుము కింద అంత వసూలు చేసుకోవచ్చని ఒప్పందంలో ఉంది. ప్రతిపక్ష పార్టీ ఒకటి కోర్టుకెక్కింది. పార్లమెంటు ఆమోదం లేని పన్ను ఇదని 2011 డిసెంబరులో అక్కడి సివిల్ కోర్టు కొట్టేసింది. అప్పటి అధ్యక్షుడు నషీద్ ప్రభుత్వం దానికో ఉపాయం కనిపెట్టింది: రాని రుసుమును, సర్కారుకు కట్టాల్సిన వాటాలోంచి మినహాయించుకోమంది. కంపెనీ లెక్క సరిపోయింది. ఖజానాకు రావాల్సిన డబ్బు మాత్రం తగ్గిపోయింది. ప్రతిపక్షానికి ఇంతకంటే మంచి నినాదం ఎక్కడ దొరుకుతుంది? నన్నడిగితే, ఒప్పందంలోని ప్రతి క్లాజునూ క్షుణ్ణంగా చదివినవాళ్లు అక్కడి పార్లమెంటునూ వీధినీ చదవలేదు. ఏ కన్సల్టెంటు నివేదికలోనైనా రాజకీయ రిస్కుకు ఎరుపో పసుపో రంగు వేసి ఊరుకుంటారు. అసలు రిస్కు ఇలా సామాన్యుడి టికెట్ ధరలో దాక్కుని ఉంటుంది.

2012 ఫిబ్రవరిలో నషీద్ గద్దె దిగారు. నవంబరు 27న కొత్త ప్రభుత్వం ఆ ఒప్పందం మొదటినుంచీ చెల్లదని ప్రకటించి, ఏడు రోజుల్లో ఖాళీ చెయ్యమంది. వివాదాల ఆర్బిట్రేషన్‌కు వేదిక సింగపూర్ కాబట్టి కంపెనీ అక్కడికి వెళ్లింది; సింగపూర్ హైకోర్టు ఆపమని ఆదేశమిచ్చింది. డిసెంబరు 6న అక్కడి అప్పీలు కోర్టు దాన్ని ఎత్తేసింది. సార్వభౌమ దేశం తన గడ్డ మీది విమానాశ్రయాన్ని తీసుకుంటానంటే ఆపలేం, తప్పు చేసి ఉంటే తర్వాత నష్టపరిహారం కట్టించుకోండి అని దాని సారాంశం. విమానాశ్రయం చేతులు మారింది.

ఇక ఆరోపణల సంగతి. అధికారం మారితే పాత ప్రభుత్వం ఇచ్చిన కాంట్రాక్టులన్నీ అవినీతివే అవుతాయి. ఇది మనకు ఎవరూ చెప్పక్కర్లేదు, మన రెండు రాష్ట్రాల్లోనూ చూస్తూనే ఉన్నాం. మాల్దీవుల అవినీతి నిరోధక కమిషన్ ఈ లీజును తవ్వి చూసింది. 2013లో నివేదిక ఇస్తూ, ఇందులో అవినీతి జరగలేదని తేల్చింది. 2014లో ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ ఒప్పందం చెల్లుతుందని చెప్పింది. 2016లో సుమారు 27 కోట్ల డాలర్ల పరిహారం ఖరారైంది. మాల్దీవుల ప్రభుత్వం ఆ డబ్బు కట్టేసింది.

రెండోది నైరోబీ. అక్కడా, మొంబాసాలోనూ విమానాశ్రయాల్లో డ్యూటీ ఫ్రీ దుకాణాలు నడిపిన వరల్డ్ డ్యూటీ ఫ్రీ అనే సంస్థ, కెన్యా ప్రభుత్వం తన వ్యాపారాన్ని అన్యాయంగా లాగేసుకుందని విదేశీ పెట్టుబడి వివాదాలు తేల్చే, వాషింగ్టన్‌లోని ఇక్సిడ్ ట్రిబ్యునల్‌కు వెళ్లింది. వ్యాపారం ఎలా మొదలైందో వివరిస్తూ సంస్థ అధిపతే ఒక సంగతి బయటపెట్టాడు. 1989లో అప్పటి అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయ్‌ను కలవడానికి వెళ్తూ, గోధుమరంగు బ్రీఫ్‌కేసులో డబ్బు పట్టుకెళ్లాడట. లోపలికి వెళ్తూ ఆ పెట్టెను గోడ పక్కన పెట్టాడట. తిరిగి వచ్చి పెట్టె తీసుకుని తెరిస్తే డబ్బు లేదు, పచ్చి మొక్కజొన్న కంకులున్నాయి! మొత్తం చెల్లింపు 20 లక్షల డాలర్లు. ఇది లంచం కాదు, మంచి పనులకు చందా ఇచ్చే హరంబీ అనే స్థానిక ఆచారం అని సంస్థ వాదించింది.

2006 అక్టోబరులో ట్రిబ్యునల్ ఆ వాదన ఒప్పుకోలేదు. లంచంతో సంపాదించిన ఒప్పందం ఆధారంగా వచ్చిన వ్యాజ్యాన్ని విననని తలుపు మూసేసింది. ప్రభుత్వం ఆస్తి లాక్కుందా లేదా అన్న ప్రశ్న దాకా పోనేలేదు. పుచ్చుకున్న మనిషి మీద కెన్యా ఏ చర్యా తీసుకోకపోవడం బాధాకరమని తీర్పులోనే రాసింది. అయినా నష్టపోయింది ఇచ్చినవాడే. ఇది న్యాయమా అంటే, కాదనే నా అభిప్రాయం. పుచ్చుకున్న సర్కారుకు అదే లంచం రక్షణ కవచమైంది. కానీ మీరు వ్యాపారం చెయ్యబోయేది ఈ లోకంలోనే.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండు చోట్లా ప్రభుత్వమే కాలితో తన్నిందన్నది కంపెనీల ఫిర్యాదు. ఒకరికి 27 కోట్ల డాలర్లు వచ్చాయి, మరొకరికి పైసా రాలేదు. అవినీతి రిస్కు, రాజకీయ రిస్కు, కంప్లయన్స్ అని మీ సిలబస్‌లో మూడు అధ్యాయాలు ఉండి ఉంటాయి. బయట అవి ఒకే తాడు. పనులు త్వరగా కావాలని చేయి తడిపినవాడు, రేపు రాబోయే ప్రభుత్వానికి తన జుట్టు అందించినట్టే.

ఇందులో మీ పాత్ర ఏమిటి? అధ్యక్ష భవనానికి బ్రీఫ్‌కేసు పట్టుకెళ్లమని ఎవరూ మిమ్మల్ని అడగరు. మీ దగ్గరికి వచ్చేది ఎక్సెల్ షీటు. చెన్నైలో కాగ్నిజెంట్ క్యాంపస్ ఉదంతం చూడండి. మీ సీనియర్లు ఎంతోమంది పనిచేస్తున్న కంపెనీ అది. 2014లో ప్లానింగ్ పర్మిట్ కోసం ప్రభుత్వాధికారి ఒకరు 20 లక్షల డాలర్లు అడిగారని, కాంట్రాక్టరు చేత ఇప్పించి, తర్వాత ఛేంజ్ ఆర్డర్ల రూపంలో ఆ సొమ్ము అతనికి తిరిగి కట్టారని అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ అభియోగం. ఛేంజ్ ఆర్డరంటే అదనపు పనికి అదనపు బిల్లు. నిర్మాణంలో ఇంత మామూలు కాగితం ఇంకోటి ఉండదు. జరగని పనికి రాసిన బిల్లు కూడా జరిగిన పని బిల్లులాగే ఉంటుంది. దాన్ని సిస్టంలో ఎక్కించే కుర్రాడు సైటుకు వెళ్లి, ఈ గోడ ఎక్కడుందండీ అని అడిగితే తప్ప తేడా తెలియదు.

కంపెనీ తానే వెళ్లి అమెరికా అధికారులకు చెప్పుకుంది. అందువల్ల న్యాయశాఖ కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. ఆరోపణలను ఒప్పుకోకుండా, కాదనకుండా 2019లో ఎస్‌ఈసీకి రెండున్నర కోట్ల డాలర్లు కట్టింది. ఇద్దరు మాజీ ఉన్నతాధికారుల మీద మాత్రం క్రిమినల్ అభియోగాలు నమోదయ్యాయి. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ విదేశీ లంచాల చట్టం అమలును నిలిపేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఆ తర్వాత న్యాయశాఖే కోరడంతో ఆ కేసు కొట్టివేశారు. నేరం రుజువు కాలేదు. కానీ ఆ ఇద్దరూ ఆరేళ్లు కేసు నెత్తిన మోశారు.

దీన్ని చూసి, అమెరికా వదిలేసింది కదా, ఇక ఫరవాలేదు అనుకునేవాళ్లుంటారు. 1977 నాటి ఆ చట్టం రద్దు కాలేదు, 2025 జూన్‌లో కొత్త మార్గదర్శకాలతో మళ్లీ కదిలింది. ఈరోజు ఇచ్చిన లంచం మీద ఎప్పుడు ఏ ప్రభుత్వం ఫైలు తెరుస్తుందో చెప్పలేం. బ్రిటన్ లంచాల నిరోధక చట్టం 2011 నుంచీ అమల్లో ఉంది. మన అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. ఇప్పుడు ఇవ్వడం కూడా నేరమే, కంపెనీ కూడా ముద్దాయే. బలవంతాన ఇవ్వాల్సివస్తే ఏడు రోజుల్లో పోలీసులకో, దర్యాప్తు సంస్థకో చెబితే శిక్ష నుంచి మినహాయింపు ఉంది. ఎనిమిదో రోజు నుంచి ఆ మినహాయింపు మీకు వర్తించదు. ఈ ఏడు రోజుల సంగతి తెలియని మేనేజర్లు నాకు బోలెడంతమంది తగిలారు.

లంచం ఇవ్వనంటే పనులు ఆలస్యమవుతాయి. కాదని చెబితే అబద్ధమాడినట్టే. ఓడరేవులో సరుకు ఆగుతుంది, డెమరేజి పడుతుంది, బాసు ఫోన్లో అరుస్తాడు. ఆలస్యానికి డబ్బు, రోజులు బడ్జెట్లో ముందే పెట్టుకున్న సంస్థ నిలబడుతుంది. గోడ మీద నీతి వాక్యాలు అంటించి, బడ్జెట్లో ఆలస్యానికి సున్నా రాసుకున్న సంస్థ తన కుర్రాళ్ల చేతే ఆ పని చేయిస్తుంది.

ఆఫర్ లెటర్‌లో మీరు జీతం, ఊరు, వీసా చూసుకుని ఉంటారు. చేరిన మొదటి నెలలో ఒక పేరు, ఒక ఫోన్ నంబరు అడిగి రాసుకోండి. పరాయి దేశంలో రాత్రి పదకొండింటికి కస్టమ్స్ వాళ్లు సరుకు ఆపితే, నేను ఎవరికి ఫోన్ చెయ్యాలి అని అడగండి. మేనేజరు పేరు చెబితే మంచిదే. అలాంటివి అక్కడి ఏజెంటు చూసుకుంటాడులే అని నవ్వితే, ఆ ఏజెంటుకు ఏటా ఎంత కడుతున్నారో, ఏ పనికి కడుతున్నారో అడగండి. దానికీ జవాబు రాకపోతే వేరే ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టండి. అందుకు మీకు వయసుంది, ఇవాళ్టి నుంచి పట్టా కూడా ఉంది.