పేరు లేని ఫోటో మనకు పరాయిదవుతుంది

సంఘం లెక్కల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. లెక్కలు రిపోర్టులో ఉన్నాయి. మేము ఫోటోల గురించి చెప్తాము.

మా బీదర్ సంఘంలో పాత ఫోటోలు ఒక రేకు పెట్టెలో ఉండేవి. వెనుక పెన్సిలుతో పేర్లు. నిజాం కాలంలో చదువుకున్న పెద్దలు ఉర్దూలో రాసినారు. 1956 నవంబరు 1న మన జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసినాక చదివినవాళ్లు కన్నడంలో రాసినారు. ఇంటి భాష తెలుగులో రాసినవీ ఉన్నాయి. మూడూ చదవగలిగినవాళ్లు తగ్గిపోతున్నారని ఫోటోలు స్కాన్ చేయించి, ముసలివాళ్లను పక్కన కూర్చోబెట్టుకొని, పికాసా అనే ప్రోగ్రాంలో ఒక్కొక్క ముఖానికి పేరు పెట్టించినాము.

2016లో గూగుల్ వాళ్లు పికాసాను ఆపేసినారు. కొన్నాళ్లకు మేము కంప్యూటర్ మార్చినాము. ఒక్క ఫోటో కూడా పోలేదని సంతోషపడ్డాము. ఆ తర్వాత ఒక ఆడబిడ్డ వచ్చి, "కాకా, మా నాయిన మగ్గం మీద కూర్చున్న ఫోటో మీ దగ్గర ఉందంట. మా ఇంట్ల ఒక్కటి కూడా లేదు" అన్నది. పేరు కొట్టి వెతికితే ఏమీ రాలేదు. ఫోటోలున్నాయి, పేర్లు లేవు. పేర్లు చెప్పిన ముసలివాళ్లలో చాలామంది అప్పటికే లేరు.

తప్పు మాదే. ఫోటో కింద రాసిన మాట జేపెగ్ ఫోటో లోపలికే పోతుంది. ముఖానికి పెట్టిన పేరు అట్ల కాదు. దాన్ని పికాసా తన సొంత ఫైళ్లలో వేరుగా పెట్టుకుంటుంది. అందులో ఒకటి ఫోల్డర్‌లోనే కనబడకుండా దాగి ఉంటుంది. మేము ఫోటోలు మాత్రమే ఏరుకొని వచ్చినాము.

అదృష్టం, పాత కంప్యూటర్‌ను అమ్మలేదు. పికాసా 3.9లో ముఖాల పేర్లను ఫోటో లోపలికే రాసే ఏర్పాటు ఉంది. మా పిల్లలు అది నడిపించి, ఆ ఫోటోలను మళ్లీ తెచ్చి, డిజికామ్ అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిస్తే పేర్లు కనబడ్డాయి. ఆ ఆడబిడ్డకు నాయిన ఫోటో ఇచ్చినాము. దండం పెట్టింది. మాకు సిగ్గనిపించింది.

మనకు అచ్చు అతకడం తెలుసు. పాత పడుగు కొసకు కొత్త పోగును ఒక్కొక్కటే అతుకుతాము. పాతది ముందే కోసి పారేస్తే దేనికి అతుకుతాము? ఇదీ అంతే. కాబట్టి మా మనవి:

కొత్త ప్రోగ్రాంలో పేర్లు కనబడేదాకా పాత కంప్యూటర్‌ను అమ్మొద్దు.
పేరు ఫోటో లోపలే ఉండేటట్టు రాయించండి. ముందు రెండు మూడు ఫోటోలతో చూసుకోండి, తెలుగు అక్షరాలు సరిగ్గా వస్తున్నాయో లేదో.
వాట్సాప్‌లో ఫోటోగా పంపితే లోపలి రాత పోతుంది. డాక్యుమెంటుగా పంపండి.
గూగుల్ ఫోటోస్‌లో రాసింది, దించుకునేటప్పుడు వేరే ఫైలులో వస్తుంది. దాన్ని పారేయొద్దు.
అన్నిటికంటే ముందు, ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి పేర్లు రాసుకోండి. ఏ ప్రోగ్రామూ వాళ్లను తిరిగి తేలేదు.