టెక్కలి రాయిలో వేడి లెక్క

 

పట్టాలు అందుకుంటున్న మీరంతా ఇంజనీరింగ్ గణితంలో ఒక కడ్డీ లెక్క చేశారు. రెండు కొసల ఉష్ణోగ్రత మారకుండా ఉంచితే మధ్యలో వేడి ఎలా తగ్గుతుందో కనుక్కోమంటారు. సైన్ శ్రేణి రాశారు, మార్కులొచ్చాయి, పుస్తకం మూసేశారు. ఫోరియర్ 1807లో ఈ పద్ధతిని పారిస్ పండితుల ముందుంచితే లగ్రాంజ్ అంతటివాడు ఒప్పుకోలేదు. అది పూర్తి గ్రంథంగా వెలువడింది 1822లో!

ఆ లెక్క మన టెక్కలి నీలి గ్రానైటుకూ వర్తిస్తుంది. రాయి కోసేటప్పుడు రంపం మీద నీళ్లు పారుతూనే ఉంటాయి కదా. ఎండకు కాగిన పలక రెండు ముఖాల మీదా అలాగే నీళ్లు పారించి, ఆ ముఖాలు నీటి ఉష్ణోగ్రత దగ్గరే నిలిచాయనుకుందాం. లోపలి వేడి సైన్ తరంగాలుగా విడిపోతుంది. మొదటి తరంగం కంటే రెండోది 4 రెట్లు, మూడోది 9 రెట్లు వేగంగా అణగిపోతాయి. చివరికి ఒక్క నునుపైన వంపు మిగులుతుంది. గ్రానైటు ఉష్ణ వ్యాపన గుణకం సెకనుకు సుమారు 1.2 చదరపు మిల్లీమీటర్లు. ఆ లెక్కన 2 సెంటీమీటర్ల పలకలో ఆ వంపు మూడోవంతు దరిదాపులకు తగ్గడానికి అర నిమిషం చాలు. మీటరు మందం దిమ్మకైతే దాదాపు ఒక రోజు పడుతుంది. మందం 50 రెట్లయితే సమయం 2500 రెట్లు!

పలాస బోర్మాల్లో, అంటే ఆరబెట్టే వేడి గదుల్లో, ఆరే జీడిపప్పుదీ ఇదే సూత్రం, వేడికి బదులు తేమ. పప్పు వంకరగా ఉంటుంది కాబట్టి కడ్డీ లెక్క అచ్చంగా సరిపోదు. మందం వర్గం మాత్రం అక్కడా వదలదు. అందుకే లావు గుండు, సన్నటి బద్ద ఒకే ట్రేలో ఒకేసారి ఆరవు.

ఇప్పుడు నీళ్లు ఆపి, అదే పలకను మే నెల ఎండలో పెట్టండి. దాని ముఖాన్ని ఒకే ఉష్ణోగ్రత దగ్గర నిలిపేది ఏదీ లేదు. ఎండ, ఉద్దానం ప్రాంతం మీదుగా వచ్చే సముద్రపు గాలి, కింద నేల, మూడూ దాన్ని మారుస్తూనే ఉంటాయి. సమీకరణం సరైనదే, ముఖం ఉష్ణోగ్రత మారదని మనం రాసుకున్న అంచు షరతు తప్పు. కంప్యూటరుకు ఈ తేడా తెలియదు. స్థిర విలువ ఇస్తే రంగురంగుల బొమ్మ గీసి చేతికిస్తుంది. నాకు భయమంతా ఆ అందమైన బొమ్మతోనే.

ఉద్యోగానికి ఇచ్ఛాపురంలో చేరినా అమెరికాలోని ఇర్వింగ్‌లో చేరినా, మీ ముందుకొచ్చే లెక్కల్లో అంచు విలువలు ఎవరో ముందే నింపి ఉంచుతారు. ఎక్కడ, ఎప్పుడు కొలిచారో అడగండి. కొలవలేదంటే, థర్మామీటరు పట్టుకుని మీరే వెళ్లండి.