వెలవెలబోవుచున్న తుపాకుల సంతలు

అమెరికాలో తుపాకులకు కూడ సంత జరుగునన్న మాట మన చెవులకు వింతగా నుండును. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ననుసరించి లైసెన్సు లేనిదే తుపాకి నుంచుకొనరాదు. ఇక దానిని బల్లపై పరచి బేరమాడుట మన మూహింపజాలము. అచ్చట మాత్రము శని, ఆదివారములలో ఊరి ప్రదర్శనశాలలోనో, పెద్ద షెడ్డులోనో ఈ సంత సాగును. నడుపువాడు బల్లలను అద్దెకిచ్చును. అమ్మువాడు అద్దె చెల్లించి కూర్చుండును. చూడవచ్చినవాడు వాకిట టిక్కెట్టు కొని లోనికి పోవును. ఓక్లహోమా రాష్ట్రమున టల్సా నగరములో ఏటికి రెండుమార్లు జరుగు సంతలో 4,000 బల్లలకు పైగా వేయుదురు. అంతటి సంతకు దూరప్రాంతముల జనము ఇంకను వచ్చుచునే యున్నారు. చిన్న ఊళ్ల సంతలే అటు కొనువారికిని, ఇటు అమ్మువారికిని రుచింపకున్నవి. ఆ సంగతియే నేడు ముచ్చటింపదలచితిని.

1968లో వచ్చిన చట్టము లైసెన్సు గల వర్తకుని తన దుకాణమునకే కట్టివేసినది. కావున ఆనాటి సంతలలో పాత తుపాకులను సేకరించువారిదే ప్రాబల్యము. తాతలనాటి వించెస్టరు రైఫిలు, రెండవ ప్రపంచయుద్ధము నుండి సైనికుడు ఇంటికి తెచ్చుకొన్న జర్మను పిస్తోలు, ఇట్టివి బల్లలపై కనబడుచుండెడివి. 1980ల నడుమ ఆ కట్టుబాటు సడలినది. 1986 నాటి చట్టము దుకాణదారుకు తన రాష్ట్రములోని సంతలలో అమ్ముకొను హక్కును స్థిరపరచినది. వర్తకులు వచ్చిరి, బల్లలు పెరిగినవి. కాని ఏ దినమైనను అంగడిలో దొరకు సరకునకై టిక్కెట్టు కొని సంతకు పోవుట ఎందులకు?

అసలు దెబ్బ వేరొకచోట తగిలినది. సంతకు ప్రాణము ధర తెలియకపోవుటయే. మన పశువుల సంతలలో బేరగాండ్రు తువాలు క్రింద వ్రేళ్లు పట్టి ధర చెప్పుకొనుట మీలో కొందరు చూచియుందురు. ఆ తువాలు తొలగించినచో బేరగానికి పనియేమున్నది? అమెరికాలో జరిగినది అదియే. పూర్వము భర్త పోయిన ఇల్లాలు ఆయన తుపాకిని తెచ్చినచో, అనుభవశాలియైన వర్తకుడు చెప్పినదే ధర. నేడు ప్రతివాని జేబులోను సెల్‌ఫోను కలదు. 1999లో ఈబే సంస్థ తన వేలములలో తుపాకులను నిషేధించగా, ఆ యేడే గన్‌బ్రోకరు అను వేలపుశాల ఇంటర్నెట్టులో వెలసినది. అచ్చట ఏ తుపాకి ఎంతకు పోయినదో క్షణములో తెలియును. ఇతర రాష్ట్రమున కొన్న తుపాకి కొనువాని ఊరిలోని లైసెన్సు గల వర్తకునికి చేరును. అతడు కొనువాని పూర్వచరిత్రను విచారింపజేసి, రుసుము పుచ్చుకొని అప్పగించును.

ఇక సంతలో ఇరువురి ఫిర్యాదులు వినుడు. “అందరును ఫోను చూచి, అచ్చట తక్కువకు వచ్చునని పోవుదురే కాని కొనువాడు లేడు. బల్ల అద్దె కూడ రాదు” అని అమ్మువాడు. “ఇంటర్నెట్టులోని ధరయే అడిగి కాసు తగ్గడు. పోనీ చూతమన్నను సగము బల్లలపై చాకులు, ఎండుమాంసపు పొట్లములు!” అని కొనువాడు. ఇరువురి మాటయు నిజమే. ఒకప్పుడు 100 డాలర్లకు లోపుననే దొరకిన రష్యా మోసిన్ నాగంటు సైనిక రైఫిళ్ల ధర పలు రెట్లు పెరిగినది. చవక బేరము దొరకునన్న ఆశ కూడ పోయినది.

చట్టముల సంగతియు కొంత చెప్పవలెను. 1998 నుండి లైసెన్సు గల వర్తకుడు కొనువాని చరిత్రను కంప్యూటరు ద్వారా విచారింపవలసియున్నది. తన సొంత తుపాకిని అమ్ముకొను గృహస్థునకు కేంద్ర చట్టము ఆ విధిని పెట్టలేదు. 1999 ఏప్రిలులో కొలరాడో రాష్ట్రమున కొలంబైన్ పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు పదుముగ్గురిని కాల్చి చంపిరి. వారి నాలుగు తుపాకులలో మూడు, డెన్వరు సమీపమున సంతలో గృహస్థుల నుండి ఒక స్నేహితురాలు కొని యిచ్చినవి. 2000లో కొలరాడో, ఓరెగాను ఓటర్లు సంతలలోని ప్రతి అమ్మకమునకును విచారణ ఉండవలెనని తీర్పిచ్చిరి. కాలిఫోర్నియా మరికొంత ముందుకు పోయి ప్రభుత్వ స్థలములలో తుపాకుల అమ్మకమునే నిషేధించినది.

సంత వెలవెలబోయిన మాత్రమున తుపాకులు తగ్గినవనుకొనుట పొరపాటు. 2020 ఒక్క సంవత్సరములో ఆ దేశమున 3 కోట్ల 90 లక్షలకు పైగా విచారణలు జరిగినవి. ప్రతి విచారణయు ఒక అమ్మకము కాకపోయినను సంఖ్య చిన్నది కాదు. సంత వదలిన గృహస్థుడు ఇంటర్నెట్టులో ప్రకటన వేసి, ఏ అంగడి ముందరి కార్ల నిలుపుచోటనో కొనువానిని కలసికొనును. పలు రాష్ట్రములలో దీనికి విచారణ అవసరము లేదు. సంతలోనైనచో వాకిట కాపలాదారు, చుట్టును పదిమంది కన్నులు ఉండెడివి. నాకు సంతలపై మక్కువ లేదు గాని, ఆ కన్నులు లేకపోవుట మాత్రము నాకు మేలుగా తోచుట లేదు.

చిన్న సంతలలో నేటికిని విడువక వచ్చువారు కొందరు కలరు. వృద్ధుడొకడు బల్ల అద్దె చెల్లించి, నూనె పూసి తుడిచిన పాత రైఫిళ్లను వరుసగా పేర్చి, వాటిముందు “అమ్మకమునకు కాదు” అని చీటి పెట్టి కూర్చుండును. ఎవడైన ఆగి, దాని కథ యేమని అడిగినచో చాలును. సాయంకాలము దాక చెప్పును.