మామునూరు విమానాశ్రయము: నీరు, నిప్పు, లెక్క

(మేడారమున జరిగిన సభలో ఒక న్యాయవాది కావించిన ఉపన్యాస పాఠము)



వనదేవతల గద్దెల చెంత కూడిన యీ సభలో విమానాశ్రయముల ప్రసంగ మేల యని కొందరికి దోపవచ్చును. ఇటీవలి జాతరలకు హనుమకొండ నుండి హెలికాప్టరులు ఇక్కడ దిగుచున్నవి. వరంగల్లు చెంతనున్న మామునూరు విమానాశ్రయమును మరల తెరచుటకు 2025 ఫిబ్రవరి 28వ తేదీన కేంద్ర ప్రభుత్వ మనుమతి నొసగినది. రేపు దేశదేశముల నుండి మేడారము వచ్చు యాత్రికులకు అదియే వాకిలి కాగలదు. వాకిలి యెట్లు కట్టవలెనో యింటివారు విచారించుట న్యాయమే కదా!

మామునూరు మనకు క్రొత్త కాదు. నిజాము పాలనలో 1930 ప్రాంతమున వెలసిన ఆ విమాన స్థలము, ఆజంజాహీ మిల్లు దినములను చూచినది. 1981 వరకు అచ్చట విమానములు దిగినవి. పిమ్మట గడ్డి మొలచినది. శంషాబాదు విమానాశ్రయమునకు 150 కిలోమీటర్ల లోపల మరియొకటి కూడదను ఒడంబడిక చాలకాలము అడ్డుపడినది. శంషాబాదు నిర్వాహకులు సమ్మతించిన మీదట ఆ యడ్డు తొలగినది. ఉన్న 696 ఎకరములకు తోడుగా మరి 253 ఎకరములు కావలెనని నిర్ణయించిరి. ఆ 253 ఎకరములలో రైతుల సాగుభూము లున్నవి.

విమానాశ్రయము వలదని చెప్పుటకు నేను రాలేదు. ఈ జిల్లాల యువకులకు పనులు కావలెను, రోగులకు త్వరితగతి కావలెను, వర్తకమునకు దారి కావలెను. కాని కట్టిన పిదప నాలుగు చెట్లు నాటి "హరిత విమానాశ్రయము" అని పలక వ్రేలాడదీయుట వేరు. నక్షా గీయునాడే నేలను, నీటిని విచారించుట వేరు. ఈ రెండవదానిని మనము కోరవలెనని నా మనవి.

మొదట నీటి మాట. విమానములు పరుగిడు బాట మైళ్ల పొడవున నేలను కప్పివేయును. దానికి తోడు విమానములు నిలుచు చదును, కార్లు నిలుచు చదును, రోడ్లు. ఆ మేర కురిసిన వాన భూమిలో ఇంకదు. ఒక్కుమ్మడిగా పల్లమునకు పరుగెత్తును. 2023 జూలైలో మన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున దాదాపు 650 మిల్లీమీటర్ల వాన కురిసినది. జంపన్నవాగు పొంగి కొండాయి గ్రామమును ముంచిన సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. వరంగల్లు, హనుమకొండ వీధులలో పడవలు నడచినవి. కాకతీయులు చెరువునకు చెరువు గొలుసుగా కట్టిన యీ నేలపై ఒక అలుగును, ఒక కాలువను పూడ్చినచో దిగువ ఊరు ఋణము తీర్చవలసివచ్చును.

ఇతరుల అనుభవము చూడుడు. కేరళమునందలి కొచ్చి విమానాశ్రయము 2015 ఆగస్టులో 12 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రమును నెలకొల్పి, ప్రపంచమున పూర్తిగా సూర్యుని శక్తితో నడచు మొదటి విమానాశ్రయమను కీర్తి గడించినది. 2018లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారము సైతము దానికి లభించినది. ఆ సంవత్సరముననే ఆగస్టు మాసమున పెరియారు నది పొంగి ఆ విమానాశ్రయమును ముంచెత్తగా, రెండు వారములు మూసివేయవలసి వచ్చినది. చెన్నై విమానాశ్రయపు రెండవ బాట అడయారు నదిని దాటి పోవును. 2015 డిసెంబరు వరదలలో అదియు కొన్ని దినములు మూతపడినది. సూర్యుని శక్తి మెచ్చదగినదే. కాని నీటి దారి మరచిన చోట సూర్యుడు మాత్ర మేమి చేయగలడు? కావున మామునూరు నక్షాలో వాన నీరు ఎటు పోవును, ఏ చెరువులో చేరును, ఇంకుడు గుంటలెన్ని, వాడిన నీటిని శుద్ధిచేసి తోటలకును మరుగుదొడ్లకును ఎంత త్రిప్పుదురు అను ప్రశ్నలు అన్నిటికంటె ముందు రావలెను.

రెండవది నిప్పు, అనగా శక్తి. ఇందులో మన ఇంటనే మంచి మాదిరి గలదు. 2008లో తెరచిన శంషాబాదు విమానాశ్రయము పర్యావరణ నిర్మాణ ప్రమాణములకు గుర్తింపు పొందిన భవనముతో ఆరంభమైనది. పిమ్మట సౌరవిద్యుత్తును 10 మెగావాట్లకు పెంచుకొన్నది. ఢిల్లీ విమానాశ్రయము 2022 జూన్ నుండి జలవిద్యుత్తుతోను సౌరవిద్యుత్తుతోను నడచుచున్నది. స్వీడను దేశపు ఆర్లాండా విమానాశ్రయమువారు భూగర్భ జలములలో చలికాలపు చల్లదనమును దాచి, వేసవిలో భవనములను చల్లబరచుకొనుచున్నారు. మన ఎండలకు మన ఉపాయము వెదకవలెను: దట్టమైన కప్పు, లోతైన వసారా, పగటి వెలుతురు లోనికి వచ్చు కట్టడము. చల్లగాలి యంత్రమును తగ్గించునదే మొదటి పొదుపు.

విమానము నేలపై నున్నప్పుడు చేయదగినది మరి యెక్కువ. నిలిచియున్న విమానములో దీపములకును చల్లగాలికిని తోకలోని చిన్న యంత్రమును త్రిప్పుచుందురు. అది చమురు త్రాగి పొగ విడుచుచు రొద చేయును. ద్వారము చెంతనే విద్యుత్తును, చల్లగాలిని అందించినచో ఆ యంత్రము నాపవచ్చును. బాట వరకు తన ఇంజనుతో పోవు బదులు విమానమును వాహనముతో లాగించుకొని పోవు పద్ధతిని 2019లో ఢిల్లీలో ఎయిర్ ఇండియావారు ప్రయాణికులున్న విమానమునకే ప్రయోగించిరి. సామానులు మోయు బండ్లు, బస్సులు విద్యుత్తుతో నడపవచ్చును. దిగు విమానమును మెట్లుమెట్లుగా దింపక జారుబండపై జారినట్లు దింపినచో చమురును, రొదయు తగ్గును.

ఇక మూడవది లెక్క. ఇచ్చట మనము జాగరూకులమై యుండవలెను. శంషాబాదు మొదలగు విమానాశ్రయములు "కర్బన తటస్థత" పొందినట్లు ధ్రువపత్రములు గడించినవి. ఆ మాటకు అర్థ మేమి? విమానాశ్రయము తాను వాడు విద్యుత్తు, తన బండ్ల చమురు మున్నగువానివలన వెలువడు బొగ్గుపులుసు వాయువును తగ్గించి, మిగిలినదానిని ఇతర చోట్ల తగ్గించినవారి వద్ద కొనుగోలు చేసి సరిపుచ్చుకొనును. విమానములు ఆకాశమున విడుచు పొగ ఆ విధముగా తీరదు. విమానయానపు పొగలో విమానాశ్రయపు వంతు స్వల్పము. విమానపు వంతే సింహభాగము. ప్రపంచమున మనుష్యులు విడుచు బొగ్గుపులుసు వాయువులో విమానయానపు పాలు నూటికి రెండున్నర ప్రాంతము. ధ్రువపత్రము అబద్ధ మనను. అది చెప్పినంత వరకే నిజ మందును.

చెట్లు నాటి ఋణము తీర్చుదు మనువారికి మేడారముకంటె మంచి పాఠశాల లేదు. 2024 ఆగస్టు 31వ తేదీన ఇక్కడికి సమీపమున, తాడ్వాయి అడవిలో పెనుగాలి వీచి, సుమారు 500 ఎకరములలో 50,000కు పైగా వృక్షములను ఒక్క సాయంకాలమున కూల్చివేసినది. తరముల తరబడి పెరిగినది గడియలలో ఒరిగినది. ఇంజను విడిచిన పొగ వందల యేండ్లు గాలిలో నిలుచును. నాటిన మొక్క ఆ కాలమంతయు నిలుచునని యెవరు పూచీ యుందురు? చెట్లు నాటుదము, తప్పక నాటుదము. కాని అవి చమురు ఖాతాకు చెల్లుచీటి కానేరవు.

విమానపు పొగను తగ్గించుటకు నిజమైన మార్గములు రెండు. ఒకటి ఇంధనము మార్చుట. 2018 ఆగస్టులో డెహ్రాడూను నుండి ఢిల్లీకి అడవి ఆముదపు గింజల నూనెతో చేసిన ఇంధనమును కలిపి స్పైస్‌జెట్ విమానమును నడిపినది. అంతర్జాతీయ విమానముల ఇంధనములో 2027 నాటికి నూటికి ఒక పాలు అట్టిది కలుపవలెనని మన ప్రభుత్వము లక్ష్యము పెట్టుకొన్నది. లక్ష్యము చిన్నది, ఐనను అడుగు అడుగే. రెండవది, రైలు చాలు చోట విమానము నడపకుండుట. రెండున్నర గంటలలో రైలు చేర్చు కొన్ని దారులలో దేశీయ విమానములను ఫ్రాన్సు దేశము 2023లో చట్టముచే నిలిపినది. మనకు కాజీపేట జంక్షను గలదు. వరంగల్లు నుండి హైదరాబాదుకు విమాన మేల? మామునూరు దూరపు నగరములకే పరిమితమై, కాజీపేట నుండి బస్సు తిన్నగా విమానాశ్రయమునకు పోవుచో సగము చిక్కు తీరును. జాతర నాడు వేలకొలది ఆర్టీసీ బస్సులే జనమును మోయుచున్నవి. హెలికాప్టరులు మోయునది గుప్పెడు మందిని. మన మార్గము ఏదో అక్కడనే తెలియుచున్నది.

చివరకు హక్కు మాట. 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన ప్రకారము విమానాశ్రయములు పర్యావరణ అనుమతి అవసరమైన జాబితాలో నున్నవి. ప్రజాభిప్రాయ సభ జరుపవలసిన చోట 30 దినముల ముందుగా పత్రికలలో ప్రకటింపవలెను. నివేదిక సంగ్రహమును మన భాషలోను ఇయ్యవలెను. 2013 నాటి భూసేకరణ చట్టము రైతునకు పరిహారము, పునరావాసము, తన యభ్యంతరము చెప్పుకొను అవకాశము కల్పించినది. కాగితముపై నున్న హక్కు నోరు తెరచువానికే పనికివచ్చును. సభకు పోయినవాడు పది మందిలో నొక్కడే యైనను, అడిగిన ప్రశ్న వ్రాతలోనికి ఎక్కును. ఎక్కినదానికి సమాధానము చెప్పక తప్పదు.

కావున, సోదరులారా, ప్రతి పఠనాలయములోను యీ ప్రశ్నలు వ్రాసి పెట్టుడు: వాన నీరు ఎటు? విద్యుత్తు ఎక్కడిది? లెక్కలో చేరని పొగ ఎంత? భూమి ఇచ్చినవానికి దక్కిన దేమి? కరవు నాడు కప్ప మడిగిన ప్రభువును ఎదిరించిన తల్లీకూతుండ్ర నేల యిది. ఆ తల్లుల భక్తులు నేటి కాగితపు వేళ అడుగవలసినది నాలుగు ప్రశ్నలే. అడుగుడు, సమాధానములు వచ్చువరకు అడుగుడు.