కార్ల లెక్కలు: వాటిని చదువవలసిన తీరు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతికై సిద్ధపరచిన ఉపన్యాసము)



మీ ప్రాంతములో ఎన్ని కార్లు ఉన్నవని ఎవరైనను అడిగినచో, రవాణా శాఖవారి పట్టికను చూచి ఒక సంఖ్య చెప్పుట సులభము. ఆ సంఖ్య అబద్ధము కాదు. అయితే అది మీ ప్రాంతములో తిరుగుచున్న కార్ల సంఖ్యయు కాదు. రిజిస్టరులో వ్రాయబడియున్న పద్దుల సంఖ్య. ఈ రెండింటికి గల భేదమును గుర్తింపనిచో ఒకచోట అవసరమైన రోడ్డు వెనుకబడవచ్చును. మరియొకచోట పేద కుటుంబము తనకు రావలసిన సహాయమును కోల్పోవచ్చును. కావున ఈ విషయమును మనము కొంత నిదానముగా విచారింతము.

మొదట దేశము మొత్తము లెక్కను చూతము. 2011 మార్చి 31 నాటికి దేశములో రిజిస్టరు అయిన కార్లు, జీపులు, టాక్సీలు సుమారు 1 కోటి 92 లక్షలని కేంద్ర రవాణా శాఖ లెక్క. 2011 జనగణనవారు ఇంటింటికి పోయి అడిగినపుడు కారు, జీపు లేక వ్యాను కలదని చెప్పిన కుటుంబములు నూటికి 4.7 మాత్రమే. ఆనాడు దేశములోని కుటుంబములు 24 కోట్ల 67 లక్షలు. అనగా వాహనము గల కుటుంబములు సుమారు 1 కోటి 16 లక్షలు. రెండును ప్రభుత్వపు లెక్కలే. నడుమ తేడా 76 లక్షలు!

ఈ తేడా అంతయు తప్పు వలన వచ్చినది కాదు. కొన్ని ఇండ్లలో రెండేసి కార్లుండును. టాక్సీలు, కచేరీల కార్లు చాలవరకు కుటుంబముల లెక్కలోనికి రావు. జనగణన ఇండ్ల జాబితా 2010లోనే తయారైనందున కొన్ని నెలల వ్యత్యాసము కూడ కలదు. ఇవిగాక ముఖ్యమైన కారణము మరియొకటి కలదు. అది మీకు బాగుగా తెలిసిన విషయమే.

గ్రామములో జనన మరణముల రిజిస్టరు నడుచుచుండును గదా! జననములు మాత్రము వ్రాసి, మరణములు వ్రాయుట మానినచో ఏమగును? ఏబది సంవత్సరములలో ఊరి జనాభా కాగితము మీద రెట్టింపు కాగలదు. వాహనముల రిజిస్టరులో జరుగుచున్నది చాలవరకు ఇదియే. కొత్త కారు కొన్నవాడు రిజిస్టరు చేయింపక తప్పదు. పాడై మూలబడిన కారును ఇనుప సామానుల వర్తకునికి అమ్మినవాడు ఆ సంగతి కచేరీకి తెలుపుట అరుదు. వాహనము నాశనమైనచో, లేక శాశ్వతముగా పనికిరానిదైనచో పదునాలుగు దినములలో తెలుపవలెనని 1988 మోటారు వాహనముల చట్టము 55వ సెక్షను చెప్పుచున్నది. కాని సొంత కారునకు జీవితకాలపు పన్ను ఒకేసారి చెల్లింపబడును. ఏటేటా కచేరీకి పోవలసిన పని యజమానికి లేదు. ఆ విధముగా చచ్చిన కారు కాగితము మీద బ్రతికియుండును.

ఇక ప్రాంతముల లెక్క ఇంతకంటెను చిక్కైనది. వాహనమును సాధారణముగా ఉంచు చోటనే రిజిస్టరు చేయింపవలెనని మొదట చట్టములోని నియమము. 2019 సవరణ చట్టము రాష్ట్రములోని ఏ రిజిస్టరింగు అధికారి వద్దనైనను చేయింపవచ్చునని దానిని మార్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనే అన్ని జిల్లాలకును ఏపీ 39 అను ఒకే సంకేతము ఏర్పడినది. ఆ సంకేతమును చూచి కారు ఏ జిల్లాదని చెప్పుటకు వీలు లేదు. పన్ను తక్కువగా ఉన్న ప్రాంతపు చిరునామాతో రిజిస్టరు చేయించి వేరొక చోట నడుపుటయు కలదు. కేరళలో నడుచు ఖరీదైన కార్లను పుదుచ్చేరి చిరునామాలతో రిజిస్టరు చేయించిన సంగతి 2017లో బయటపడినది. అట్టి కారు ఒక ప్రాంతపు లెక్కను పెంచును. వేరొక ప్రాంతపు రోడ్డును అరగదీయును.

సరిహద్దులు మారినను లెక్క మారును. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయినవి. 2019లో 33 అయినవి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయినవి. పేరు ఒక్కటే అయినను పాత జిల్లా వేరు, కొత్త జిల్లా వేరు. ఆ రెండింటి సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి కార్లు తగ్గినవనుట సరికాదు. కేంద్రపు వాహన్ పట్టికలోని దేశపు సంఖ్యలలో తెలంగాణ చాల కాలము చేరలేదు. కనుక దేశము మొత్తమని వ్రాసియున్న చోట కూడ ఏ రాష్ట్రము లేదో అడిగి తెలిసికొనవలెను.

జనగణన లెక్క ఇంటింటి లెక్క; గ్రామమునకు అదియే దగ్గరిది. అయినను దానికిని లోపము కలదు. అది చెప్పినవారి మాటపై ఆధారపడును, త్వరగా పాతదగును. 2021లో జరుగవలసిన జనగణన జరుగలేదు. 2027 జనగణనకు ప్రకటన 2025 జూన్ 16న వెలువడినది.

ఈ లెక్కలు పేదవారి గడప వరకు వచ్చును. 2011 సామాజిక ఆర్థిక కుల గణనలో మోటారు వాహనము గల కుటుంబములను పేదల జాబితా నుండి మొదటనే తొలగించిరి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుండి సంక్షేమ పథకముల అర్హతను విచారించినపుడు నాలుగు చక్రముల వాహనము గల కుటుంబమును అనర్హముగా ఎంచిరి. టాక్సీ, ఆటో, ట్రాక్టరులకు మినహాయింపు నిచ్చిరి. ఎన్నడో పాత కారును అమ్మివేసి, పేరు మార్పించుకొనని రైతు రిజిస్టరులో నేటికిని కారు యజమానియే. రిజిస్టరును మాత్రమే చూచి తీర్మానించినచో అతని ఇంటికి అన్యాయము జరుగును. వాహనమును రాష్ట్రములోనే అమ్మినవాడు పదునాలుగు దినములలో తెలుపవలెనని చట్టములోని 50వ సెక్షను. ఈ ఒక్క నియమమును గ్రామసభలో చాటి చెప్పినను ఎంతో మేలు కలుగును.

మేము మీకు సూచించునది ఇది. ఏ సంఖ్య మీ ముందుకు వచ్చినను మూడు ప్రశ్నలు వేయుడు: దేనిని లెక్కించిరి? ఏ నాటికి లెక్కించిరి? ఏ సరిహద్దులలో లెక్కించిరి? పిదప వార్డువారీగా ఇంటింటికి పోయి మీ లెక్కను మీరే తయారుచేయుడు. ఇంటి వద్ద ఉండు వాహనమేది, అది ఎవరి పేర నున్నది, నడుచుచున్నదా లేదా అను మూడు గడులు చాలును. నాలుగు వందల ఇండ్ల గ్రామములో వార్డు సభ్యులు పని పంచుకొన్నచో రెండు దినములలో ముగియును. రోడ్డు కావలెనని తీర్మానము చేయునపుడు ఆ పట్టికను జతపరచుడు. అర్హత కోల్పోయిన కుటుంబము మీ వద్దకు వచ్చినపుడు దానిని అధికారులకు చూపుడు. రిజిస్టరుకును ఊరికిని గల తేడా ఎక్కడ, ఎవరి పేర కలదో ఆ కాగితము చూపగలదు. అధికారులు దానిని సరిదిద్దుటకు అదియే మొదటి ఆధారము.